టెండరుకెక్కిన రక్త పరీక్ష

ఇంగ్లండులో కారు నడుపుతున్న మనిషి రక్తంలో, లీటరుకు 2 మైక్రోగ్రాములకు మించి గంజాయి మత్తు పదార్థం కనిపిస్తే అది నేరం. బండి తిన్నగా నడిపాడా, వంకరటింకరగా నడిపాడా అని చట్టం అడగదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల్లో ఒక వంతు. మా చేతికి వచ్చేది లీటరు రక్తం కూడా కాదు, చిన్న సీసాలో కొద్ది మిల్లీలీటర్లు. అందులోంచి ఒక మిల్లీలీటరుకు లోపే తీసి కొలుస్తాం. అక్కడ తేలిన అంకె మీద ఒక మనిషి లైసెన్సు, ఉద్యోగం, ఒక్కోసారి వీసా కూడా ఆధారపడి ఉంటాయి.

ఆ అంకె తేల్చే పని ఇక్కడ ప్రభుత్వం చెయ్యదు. పోలీసులు టెండర్లు పిలిచి ప్రైవేటు ల్యాబులకు అప్పగిస్తారు. అలాంటి ఒక ల్యాబులో నేను టాక్సికాలజిస్టును. మాది హనుమకొండ. కాకతీయ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక ఉత్తర ఇంగ్లండు వచ్చి, మొదట రక్తం సీసాల మీద లేబుళ్లు సరిచూసే పనిలో చేరాను. ఇప్పుడు రిపోర్టుల కింద సంతకం పెడుతున్నాను. ప్రైవేటు ల్యాబులో జీతం తీసుకుంటూనే ఈ పద్ధతి గురించి రాస్తున్నాను. హైదరాబాదులోనూ, అమరావతిలోనూ ఫోరెన్సిక్ పరీక్షల గురించి ఇప్పుడు జరుగుతున్న ఆలోచనలు చూస్తుంటే, ఇక్కడ ఏం జరిగిందో మనవాళ్లకు తెలియాలనిపించింది.

ముందు చట్టం సంగతి. 2015 మార్చి 2 దాకా ఇంగ్లండు, వేల్సులలో మత్తుమందు తీసుకుని బండి నడిపినవాణ్ని శిక్షించాలంటే, ఆ మత్తు వల్ల అతను బండిని అదుపు చెయ్యలేకపోయాడని రుజువు చెయ్యాల్సి వచ్చేది. అది కష్టం. అందుకని రోడ్డు ట్రాఫిక్ చట్టంలో 5ఏ అనే కొత్త సెక్షను చేర్చారు. 17 మందులకు పరిమితులు పెట్టారు. కొకైనుకు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అది ఒంట్లో విరిగాక మిగిలే బెంజాయిలెక్‌గొనిన్‌కు 50, కెటమిన్‌కు 20. డాక్టర్లు రాసిచ్చే మందులు కూడా జాబితాలో ఉన్నాయి: డయాజిపామ్‌కు 550, క్లొనాజిపామ్‌కు 50, మార్ఫిన్‌కు 80. వీధి మందులకు పరిమితులను చాలా కిందికి పెట్టారు, వైద్యపు మందులకు పైకి పెట్టారు. ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం గంజాయికి 5 చాలన్నది. ప్రభుత్వం 2 దగ్గర ఆపింది. అంకె ఎంత చిన్నదైతే కొలత అంత కష్టమవుతుందన్న సంగతి ఆ నిర్ణయంలో ఎక్కడా కనిపించదు. దాని బరువు మోసేది ల్యాబులు.

దోషిగా తేలితే కనీసం ఏడాది పాటు బండి నడపకుండా నిషేధం, కోర్టు ఎంతంటే అంత జరిమానా, ఆరు నెలల వరకు జైలు. లైసెన్సు రికార్డులో ఆ మచ్చ 11 ఏళ్లు ఉంటుంది.

ఒక సీసా ప్రయాణం చెబుతాను. రోడ్డు పక్కన పోలీసు ఆపి, నోట్లో చిన్న పుల్ల పెట్టి లాలాజలం తీస్తాడు. ఆ కిట్టు పట్టేది గంజాయినీ, కొకైన్‌నూ మాత్రమే. అది కోర్టుకు సాక్ష్యం కాదు, స్టేషనుకు తీసుకుపోవడానికి కారణం, అంతే. స్టేషనులో నర్సో డాక్టరో రక్తం తీసి రెండు సీసాల్లో పంచుతారు. ఒకటి పోలీసులకు, రెండోది అడిగితే ఆ డ్రైవరుకు. సీసాలో ముందే సోడియం ఫ్లోరైడు, పొటాషియం ఆక్సలేటు ఉంటాయి. ఒకటి రక్తంలో మందు విరిగిపోవడాన్ని నెమ్మదింపజేస్తుంది, రెండోది గడ్డకట్టనివ్వదు. సీసాను సీలు వేసిన సంచిలో పెట్టి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో ప్రతిసారీ రాసుకుంటూ మా ఫ్రిజ్ దాకా తెస్తారు.

మా దగ్గర దానికి ఇంటర్నల్ స్టాండర్డు కలుపుతాం. అంటే అదే మందు, కాకపోతే అందులో కొన్ని హైడ్రోజన్ పరమాణువుల బదులు డ్యూటీరియం ఉంటుంది. రక్తం నుంచి మందును వేరు చేసేటప్పుడు కొంత పోతే, ఇదీ అంతే వంతున పోతుంది. దాన్ని బట్టి అసలు ఎంత ఉండేదో లెక్క కట్టగలం. తర్వాత లిక్విడ్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ. యంత్రం అణువులను విడదీసి, బరువును బట్టి, విరిగే తీరును బట్టి గుర్తుపడుతుంది. ఇదంతా యంత్రం పనే కదా, ఇందులో మనిషి చెయ్యగల తప్పేముందని చాలామంది అడుగుతారు. మనిషి పని అసలు అక్కడే మొదలవుతుంది.

ప్రతి బ్యాచిలోనూ డ్రైవర్ల నమూనాలతో పాటు, జవాబు మాకు ముందే తెలిసిన నమూనాలు కొన్ని పెడతాం. మందే కలపని రక్తం ఒకటి, పరిమితికి దగ్గరగా మందు కలిపినది ఒకటి, అంతకు బాగా పైన ఒకటి. వీటిని క్యూసీలు అంటాం. సరుకు తూచే ముందు ఖాళీ తక్కెడ సరిగ్గా నిలిచిందో లేదో చూసుకున్నట్టే ఇది కూడా. క్యూసీ తప్పితే ఆ బ్యాచిలో ఏ ఒక్కరి ఫలితమూ చెల్లదు. డ్రైవరు నమూనాలో అంకె ఎంత నమ్మదగ్గదిగా కనిపించినా సరే, చెల్లదు. బ్యాచి మొత్తం మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. చివరికి వచ్చిన అంకెలోంచి కూడా మా కొలతలో ఉండగల తేడాను తీసేసి, ఇంతకు తక్కువ లేదు అని మాత్రమే రాస్తాం.

ఇప్పుడు ఆ సీసా టెండరులోకి ఎలా వచ్చిందో చూద్దాం.

బ్రిటనులో ఫోరెన్సిక్ సైన్స్ సర్వీసు అని ఒక ప్రభుత్వ సంస్థ ఉండేది. 1995లో ప్రపంచంలోనే మొట్టమొదటి జాతీయ డి.ఎన్.ఎ. డేటాబేసును నిలబెట్టింది అదే. 2005లో దాన్ని ప్రభుత్వ యాజమాన్యంలోని కంపెనీగా మార్చి, ప్రైవేటు కంపెనీలతో పోటీ పడమన్నారు. పోలీసులు పనిని ముక్కలుగా విడగొట్టి, ఏ పరీక్ష ఎవరు చవకగా చేస్తే వాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టారు. పెద్ద సంస్థ, పెద్ద ఖర్చులు, పరిశోధన, శిక్షణ అన్నీ మోస్తున్న సంస్థ. నెలకు 20 లక్షల పౌండ్లు నష్టపోతోందని చెప్పి 2010 డిసెంబరులో మూసివేత ప్రకటించారు. అప్పటికి దాదాపు 1,600 మంది పనిచేస్తున్నారు. 2012 మార్చితో అది ముగిసింది. కొందరు ప్రైవేటు ల్యాబులకు పోయారు, కొందరు పోలీసుల సొంత విభాగాలకు పోయారు. నాకు పని నేర్పిన పెద్దాయన అక్కడి నుంచి వచ్చినవాడే. ఆయనకు తెలిసినదాంట్లో సగం ఏ పుస్తకంలోనూ లేదు. రక్తం రంగు చూసి ఈ సీసాను ఎండలో వదిలేశారని చెప్పేవాడు. ఆ అనుభవంలో చాలా భాగం ఎవరికీ అందకుండానే రిటైరైపోయింది.

ప్రైవేటు ల్యాబులు చెడ్డవని నేను అనడం లేదు. పోటీ వచ్చాక ఫలితాలు తొందరగా రావడం మొదలైన మాట నిజం. కొత్త యంత్రాలు వచ్చాయి, నాలాంటి పరాయి దేశపు కెమిస్టులకు తలుపులు తెరుచుకున్నాయి. నేను కలిసి పనిచేసినవాళ్లలో ఎక్కువమంది నిజాయితీపరులు. తప్పు ల్యాబును ప్రైవేటుకు ఇవ్వడంలో లేదు. ఏం కొంటున్నామో తెలియకుండా కొనడంలో ఉంది. పోలీసులు కొన్నది పరీక్షకింత అని. పరీక్ష వెనక ఉండే క్యూసీ, రద్దయిన బ్యాచి, కొత్తవాళ్ల శిక్షణ, ఒక ల్యాబు మూతపడితే ఆదుకునే రెండో ల్యాబు, ఇవేవీ బిల్లులో లేవు. బ్రిటన్ పార్లమెంటులోని ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) సైన్సు కమిటీ 2019లో ఇచ్చిన నివేదిక చూస్తే, ఇంగ్లండు, వేల్సులలో ఫోరెన్సిక్ సేవల మీద పెట్టే ఖర్చు 2008లో 12 కోట్ల పౌండ్లు ఉండగా, పదేళ్లకు 5 నుంచి 5.5 కోట్ల దగ్గరికి పడిపోయింది. ఆ పదేళ్లలోనే 5ఏ సెక్షను వచ్చి రక్తం సీసాలు గుట్టలు పడ్డాయి.

తర్వాత 2017. మాంచెస్టరులోని ర్యాండాక్స్ టెస్టింగ్ సర్వీసెస్ అనే ల్యాబు, తమ ఫలితాల్లో ఎవరో చెయ్యిపెట్టినట్టు అనుమానం ఉందని ఆ జనవరిలో తనంతట తనే పోలీసులకు చెప్పింది. ఇద్దరిని అరెస్టు చేశారు. నవంబరులో అప్పటి పోలీసు శాఖ మంత్రి నిక్ హర్డ్ పార్లమెంటుకు చెప్పాక దేశానికంతా తెలిసింది. 42 పోలీసు బలగాలకు చెందిన సుమారు 10,000 కేసులు అనుమానంలో పడ్డాయి. వాటిలో నాలుగింట మూడొంతులు డ్రగ్ డ్రైవింగులాంటి ట్రాఫిక్ కేసులు. మిగతావాటిలో అత్యాచారాలున్నాయి, హింస కేసులున్నాయి, అనుమానాస్పద మరణాలున్నాయి. అదే ఊళ్లో అంతకుముందు నడిచిన ట్రైమెగా అనే మరో ల్యాబు ఫలితాల మీదా ఇదే అనుమానం వచ్చింది. అది తల వెంట్రుకల్లో మందు, మద్యం ఆనవాళ్లు పరీక్షించేది. పిల్లలు తల్లి దగ్గర ఉండాలా వద్దా అని తేల్చే కోర్టులు ఆ రిపోర్టులు చదివి తీర్పులిచ్చాయి.

మార్చారన్న అనుమానం దేని మీదో గమనించండి. క్యూసీల మీద. నేను పైన చెప్పిన, జవాబు ముందే తెలిసిన ఆ నమూనాల ఫలితాల మీద. తప్పిన బ్యాచి తప్పలేదన్నట్టు కనిపించేలా అంకెలు సర్దారన్నది ఆరోపణ. అందువల్ల ఒక డ్రైవరు ఫలితం తప్పని ఎవరూ చెప్పలేరు, ఒప్పని కూడా చెప్పలేరు. నిజంగా మత్తులో నడిపినవాడూ, ఏ పాపమూ ఎరగనివాడూ ఒకే గాటన పడ్డారు.

మళ్లీ పరీక్ష చేస్తే సరిపోదా అంటారు. ఆ పని మాలాంటి ల్యాబుల మీదే పడింది కాబట్టి చెబుతున్నాను, సరిపోలేదు. గంజాయిలో మత్తునిచ్చే టి.హెచ్.సి. అనే పదార్థం నిలవ ఉంటే తరుగుతుంది. మూడేళ్ల క్రితం 3 ఉన్నది ఇవాళ 1.5 చూపిస్తే, అప్పుడు ఎంత ఉందో ఎవరు చెబుతారు? కొన్ని సీసాల్లో రక్తం మొదటి పరీక్షకే అయిపోయింది. కొన్ని గడువు దాటాయని పారేశారు. పదుల సంఖ్యలో డ్రగ్ డ్రైవింగు శిక్షలు రద్దయ్యాయి, నడుస్తున్న కేసులు మరికొన్ని వదిలేశారు. ఈ దేశంలో టాక్సికాలజీ చెయ్యగల ల్యాబులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందులో ఒక పెద్దది ఆగిపోయింది. మిగిలినవాటి నెత్తిన రోజువారీ సీసాలూ, వేలకొద్దీ పాత సీసాలూ పడ్డాయి.

2018 జనవరిలో కీ ఫోరెన్సిక్ సర్వీసెస్ అనే ఇంకో కంపెనీ దివాలా అంచుకు వచ్చి అడ్మినిస్ట్రేషనులోకి పోయింది. పోలీసులే డబ్బులు పోసి దాన్ని కొన్నాళ్లు నిలబెట్టారు. ప్రజల డబ్బు ఆదా అవుతుందని ప్రైవేటుకు ఇచ్చిన పనిని ప్రజల డబ్బుతోనే కాపాడుకోవాల్సి వచ్చింది. 2019 జూన్‌లో యూరోఫిన్స్ కంపెనీ కంప్యూటర్ల మీద సైబరు దాడి జరిగింది. పోలీసులు బయటికిచ్చే ఫోరెన్సిక్ పనిలో దాదాపు సగం అప్పటికి ఆ ఒక్క కంపెనీ చేతిలో ఉంది. పోలీసులు నమూనాలు పంపడం ఆపేశారు. తేరుకునేలోపు సుమారు 20,000 నమూనాలు పేరుకుపోయాయి. ఆ రోజుల్లో పోలీసు బలగాలకు ఇన్ని రక్తం సీసాలకు మించి పంపొద్దని కోటాలు పెట్టారు. ఊహించండి, రోడ్డు మీద అనుమానం వచ్చిన ప్రతివాణ్నీ ఆపాల్సిన పోలీసు, ఈ నెల కోటా ఎంత మిగిలిందో చూసుకోవాలి.

ఈ ఆలస్యానికి చట్టంలో ఒక గడువు తగులుతుంది. డ్రగ్ డ్రైవింగు ఇక్కడ మెజిస్ట్రేటు కోర్టులో తేలే నేరం. ఘటన జరిగిన 6 నెలల్లోపు కేసు పెట్టకపోతే ఇక పెట్టడానికి లేదు. ల్యాబు ఆరు నెలలా ఒక రోజుకు రిపోర్టు పంపిందంటే, రక్తంలో కొకైను ఎంత ఉన్నా ఆ మనిషి మళ్లీ స్టీరింగు పట్టుకోవచ్చు. స్కాట్లండులో ఈ చట్టం 2019 అక్టోబరులో వచ్చింది. అక్కడ గడువు ఏడాది, ల్యాబు ప్రభుత్వానిదే. అయినా సీసాల వరదకు ఆ ల్యాబు తట్టుకోలేక వందల కేసులు గడువు దాటి చెల్లకుండా పోయాయి. అక్కడా కొంత పని బయటికిచ్చారు. ప్రభుత్వ ల్యాబైనంత మాత్రాన న్యాయం జరగదని ఇందుకే అంటాను. మనుషులూ, యంత్రాలూ, డబ్బూ లేకపోతే బోర్డు మీద ఏ పేరున్నా ఒకటే.

ఆలస్యం మరోవైపు ఏం చేస్తుందో కూడా చెప్పాలి. నల్లగొండ దిక్కు పిల్లవాడొకడు కావెంట్రీలో చదువుకుంటూ, రాత్రిళ్లు గోడౌన్లో పనిచేసేవాడు. బతుకమ్మ పండుగకు కలిసినప్పటి నుంచి నన్ను అక్కా అంటాడు. ఒక తెల్లవారుజామున డ్యూటీ దిగి వస్తూ కారు గీత దాటించాడు. పోలీసులు ఆపి, గీత మీద నడవమన్నారు, ఒంటికాలి మీద నిలబడమన్నారు. తూలాడు. రక్తం తీశారు. నిద్ర పట్టడం లేదంటే వాళ్లమ్మ ఇంటి నుంచి పంపిన గోళీలు వేసుకునేవాడు. క్లొనాజిపామ్. నెలల తర్వాత ఫోన్ చేశాడు.

“అక్కా, నాలుగు నెలలైతుంది. ఏం చెప్తలేరు. వీసా ఖరాబైతదేమోనని పానం కొట్టుకుంటుంది. మీ ల్యాబుకే వచ్చిందేమో, జర చూస్తరా?”

“చూడొద్దు తమ్మీ. తెలిసినోళ్లది వస్తె ముందుగాల చెప్పి పక్కకు జరగాలె. నేను చూసుడే తప్పయితది. వకీలుకు చెప్పినవా?”

“చెప్పిన. ఎదురుచూడుమన్నడు.”

“రెండో సీస తీసుకున్నవా?”

“అడిగిండ్రు గని, ఎందుకని వద్దన్న.”

ఆ మాటకు నాకు బాధేసింది. చివరికి అతని రక్తంలో మందు పరిమితికి లోపే ఉందని తేలింది, కేసు లేదన్నారు. ఆ ఉత్తరం వచ్చేదాకా ఆ పిల్లవాడు సరిగా తిన్నది లేదు. ఒకవేళ ఆ అంకె తప్పుడు బ్యాచిలోంచి వచ్చి పరిమితి దాటిందనుకోండి, దాన్ని కాదనడానికి అతని చేతిలో ఏమీ లేదు.

అసలు సంగతికి వస్తాను. ఒక మామూలు ల్యాబులో ఒత్తిడి ఎలా ఉంటుందో చదివేవాళ్లకు తెలియాలి. మునుపు నేను పనిచేసిన చోట ఒక శుక్రవారం సాయంత్రం టి.హెచ్.సి. బ్యాచి ఒకటి చేతికొచ్చింది. క్యూసీలో మాకు అనుమతించిన తేడా 20 శాతం. వచ్చింది 23. బ్యాచిలో ముప్ఫైకి పైగా డ్రైవర్లు, అందులో కొందరికి ఆరు నెలల గడువు దగ్గర పడింది. సోమవారం రిపోర్టులు ఇవ్వకపోతే కాంట్రాక్టు ప్రకారం కంపెనీకి కోత పడుతుంది. మేనేజరు చెడ్డ మనిషి కాదు. నా బల్ల దగ్గరికొచ్చి, మూడు శాతమే కదా, ఇంకేదైనా దారి ఉందా అని అడిగాడు. లేదన్నాను. శని, ఆదివారాలు ఇద్దరం కూర్చుని బ్యాచి మళ్లీ చేశాం. ఆ మళ్లీ చేసినదానికి పోలీసులు ఒక్క పెన్నీ ఇవ్వరు. రిపోర్టుకింత అనే కదా కాంట్రాక్టు. నిజాయితీగా బ్యాచి పారేసిన ల్యాబుకు నష్టం, సర్దేసిన ల్యాబుకు లాభం వచ్చేలా ధర కడితే, ఆ శుక్రవారం నా బదులు ఉద్యోగం పోతుందన్న భయంతో ఉన్న కొత్త పిల్ల కూర్చుని ఉంటే ఏమయ్యేది? దేశమంతటా ఇలాంటి శుక్రవారాలు ఎన్ని వచ్చి ఉంటాయి?

ఆడిటర్లు ఉంటారు కదా అంటారు. ఉంటారు. ఐ.ఎస్.ఓ. 17025 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దాని ప్రకారం తనిఖీలున్నాయి. ర్యాండాక్స్‌కూ ఆ గుర్తింపు ఉండేది. తనిఖీకి వచ్చినవాళ్లు చూసేది మేం చూపించే కాగితాలను. కాగితంలోనే అంకె మారితే వాళ్లకు కనపడదు. ఫోరెన్సిక్ సైన్స్ రెగ్యులేటరు అనే పదవి 2007 నుంచే ఉన్నా, ఆ పదవిలో ఉన్నవాళ్లకు చాలాకాలం చట్టబద్ధమైన అధికారం లేదు. సలహా చెప్పగలరు, ఆపమని ఆదేశించలేరు. డాక్టర్ జిలియన్ టల్లీ రెగ్యులేటరుగా ఉన్నన్నాళ్లూ ఏటేటా తన నివేదికల్లో ఆ అధికారం అడుగుతూనే వచ్చారు. చట్టం 2021లో వచ్చింది. దాని కింద తప్పనిసరిగా పాటించాల్సిన నియమావళి 2023 అక్టోబరు 2న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ సంస్థ మూతపడిన పదకొండేళ్లకు. ముందు కాపలా పెట్టి తర్వాత తలుపు తియ్యాల్సింది పోయి, తలుపు తీసిన పదకొండేళ్లకు కాపలా పెట్టారు.

మన దగ్గర సంగతి. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను మద్యానికి అంకె చెబుతుంది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మత్తుమందులకు అంకె లేదు. బండిని అదుపు చెయ్యలేనంత మత్తులో ఉంటేనే నేరం. అంటే 2015కు ముందు ఇంగ్లండు ఎక్కడుందో మనం ఇప్పుడు అక్కడున్నాం. 2019 సవరణతో ఆ సెక్షనులో మద్యం విషయంలో ల్యాబు పరీక్ష మాట కూడా చేరింది. హైదరాబాదులో డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలతో పాటు మత్తుమందులు పట్టే కిట్లు కూడా వాడుతున్నారు. రేపో మాపో మనకూ మందు వారీ పరిమితులు వస్తాయి, రావాలి కూడా. వచ్చిన రోజున రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబుకు సీసాలు ఎన్ని వచ్చి పడతాయి?

ఇప్పటికే ఆ ల్యాబుల మీద భారం పెరిగింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాలన్నిటికీ ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలంటోంది. అందుకు రాష్ట్రాలకు అయిదేళ్ల గడువిచ్చింది. అదే చట్టంలో 329వ సెక్షను ఉంది. నిపుణుణ్ని కోర్టుకు పిలవకుండానే ఎవరి రిపోర్టును సాక్ష్యంగా తీసుకోవచ్చో అది చెబుతుంది. పాత చట్టంలో ఆ జాబితా ప్రభుత్వ నిపుణులకే పరిమితం. కొత్తదాంట్లో, రాష్ట్రమో కేంద్రమో నోటిఫై చేసిన ఇతర శాస్త్ర నిపుణులకూ చోటిచ్చారు. ప్రైవేటు ల్యాబులకు తలుపు కొంచెం తెరుచుకుంది. ఇది తప్పని నేననను. నమూనాలు ఏళ్ల తరబడి అల్మారాల్లో మగ్గడం కన్నా నయమే కావచ్చు. కానీ ఇంగ్లండు ఏ వరసలో తప్పు చేసిందో కళ్లముందు ఉన్నప్పుడు, అదే వరసలో మనమూ నడవక్కర్లేదు.

ఒక్క నమూనా బయటికి పంపేముందే, ల్యాబును ఆపగల అధికారమున్న రెగ్యులేటరు చట్టంలో ఉండాలి. ప్రభుత్వ ల్యాబును మూయకూడదు. కనీసం ప్రైవేటు ఫలితాలను సరిచూడగల శక్తి, ఒక కంపెనీ కూలితే ఆ పని అందుకోగల శక్తి దానికి ఉండాలి. ఏ ఒక్క కంపెనీకీ సగం పని ఇవ్వకూడదు. కాంట్రాక్టులో రద్దయిన బ్యాచికి కూడా డబ్బులివ్వాలి. ఇది వినడానికి వింతగా ఉంటుంది, కానీ నిజాయితీకి కట్టే ధర అదే. వీటన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. పోలీసులు డ్రైవర్ల సీసాల మధ్యలో, జవాబు తమకు మాత్రమే తెలిసిన సీసాలను దొంగచాటుగా కలిపి పంపాలి. పేరు, కేసు నంబరు అన్నీ మామూలుగా ఉండాలి. ఏది అసలుదో ఏది పరీక్షకు పెట్టినదో ల్యాబుకు తెలియకూడదు. మేం క్యూసీలు పెట్టుకుంటే అవి ఏవో మాకు తెలుసు, అందుకే సర్దడానికి వీలుంది. ఇది సర్దడానికి వీల్లేనిది. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

బ్రిటనులో ఉన్న మన పిల్లలకు రెండు మాటలు. ఇంటి నుంచి వచ్చిన నిద్రమాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందులు వేసుకుని స్టీరింగు పట్టుకోకండి. కొడీన్ ఒంట్లో కొంత మార్ఫిన్‌గా మారుతుంది, మార్ఫిన్‌కు పరిమితి ఉంది. డాక్టరు రాసిచ్చి, చెప్పినట్టే వాడుతుంటే చట్టం మీకు రక్షణ ఇస్తుంది కాబట్టి చీటీ దగ్గర పెట్టుకోండి. రక్తం ఇవ్వనని మొండికేయకండి, సరైన కారణం లేకుండా నిరాకరించడం కూడా నేరమే. రెండో సీసా కావాలా అని అడిగినప్పుడు తప్పకుండా కావాలనండి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, వకీలు ద్వారా గుర్తింపు ఉన్న వేరే ల్యాబుకు వెంటనే పంపండి.

తెలుగు రాష్ట్రాల్లోని వకీళ్లకు, మెజిస్ట్రేట్లకు నా విన్నపం ఒకటుంది. మత్తుమందుల కేసులో ల్యాబు రిపోర్టు వచ్చినప్పుడు చివర ఉన్న అంకెతో ఆగిపోవద్దు. ఆ నమూనా ఏ బ్యాచిలో నడిచిందో, ఆ బ్యాచిలో క్యూసీలు ఎంత చూపించాయో, అవి తప్పితే ఏం చేశారో ఆ కాగితాలు కూడా తెప్పించుకోండి. ప్రభుత్వ ల్యాబైనా, ప్రైవేటు ల్యాబైనా సరే, అడగండి.